ఓడబేహారులకు అభయమిచ్చిన ఓరుగంటి ఱేడు

బాపట్ల జిల్లాలో చినగంజామునకు చేరువను, తూర్పు సముద్రపు టొడ్డున, మోటుపల్లి యను చిన్న గ్రామము కలదు. నేడక్కడ పెద్ద ఓడ యేదియు ఆగదు. ఇసుక నేల, జాలరుల పడవలు, ప్రాచీన దేవాలయములు - చూడవచ్చిన వారికి కనిపించునవి ఇవియే. అందు వీరభద్రస్వామి యాలయమున నొక రాతి స్తంభమున్నది. దానిమీద సంస్కృతాంధ్రములలో చెక్కబడిన శాసనము శాలివాహన శకము 1166, క్రోధి సంవత్సరము నాటిది. అనగా క్రీస్తుశకము 1244-45. దానిని వేయించినవాడు సముద్రతీరమున పుట్టి పెరిగిన రాజు కాడు. అక్కడికి కాకితోవను 250 కిలోమీటర్లకు పైగా దూరమున, రాతిగుట్టల నడుమ, చెరువుల నీటితో పండు సీమలో కొలువుండిన ఓరుగంటి ప్రభువు, కాకతీయ గణపతిదేవుడు.

గణపతిదేవుని పేరు నావికుల వరుసలో చేరునది కాదు. ఏనుగులను, గుఱ్ఱములను, కోటలను, చెరువులను ఎఱిగిన రాజతడు. అట్టివాడు కడలిమీది బేరగాండ్ర కొరకు చేసిన కట్టడి యెట్టిది? ఎందుకు చేసెను? ఇది తెలిసికొనవలెనన్న రెండు సంగతులు ముందుగా తెలియవలెను. ఒకటి ఆ రాజు బాల్యము. రెండవది, తెరచాప యెత్తిన ఓడ గాలిలో ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు అనునది. ఈ రెండవదానిని మన చరిత్ర గ్రంథములు తఱచు విడిచిపెట్టును. ఓడ నడక యెఱుగనివారికి మోటుపల్లి శాసనము ఒక సుంకముల పట్టికవలె కనబడును. ఎఱిగినవారికి అందు గాలి హోరు వినబడును.

కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ. గణపతిదేవుని పెదతండ్రి రుద్రదేవుడు 1163లో అక్కడ వేయిస్తంభముల గుడిని కట్టించెను. ఓరుగంటి నగరమునకు పునాదులు వేసినవాడు నతడే. చాళుక్య సామ్రాజ్యము కూలిన పిదప పడమట దేవగిరి యాదవులు, తూర్పున కాకతీయులు స్వతంత్రులైరి. ఇరుగుపొరుగు రాజ్యములు రెండు ఒక్కమారుగా బలిసినపుడు వైరము తప్పదు. 1195 ప్రాంతమున యాదవరాజు జైతుగితో జరిగిన యుద్ధమున రుద్రదేవుడు మరణించెను. సింహాసన మెక్కిన తమ్ముడు మహాదేవుడు మూడు నాలుగేండ్లకే దేవగిరి మీదికి దండు వెడలి, అక్కడనే ప్రాణములు కోల్పోయెను. ఆతని కుమారుడు గణపతి శత్రువుల చేత చిక్కెను.

అప్పటి స్థితిని విద్యార్థులు ఒక్క క్షణము మనసున నిలుపుకొనవలెను. పెదతండ్రి పోయెను, తండ్రి పోయెను, తాను చెఱలో నుండెను. అనుమకొండలో రాజు లేడు. రాజు లేని రాజ్యమున సామంతులు తలలెత్తుట, పొరుగువారు చొరబడుట సహజము. ఆ కష్టకాలమున కాకతిరాజ్యమును చేయి జారిపోనీయక నిలిపినవాడు రేచర్ల రుద్రసేనాని. పాలంపేటలో 1213లో రామప్ప గుడిని ప్రతిష్ఠించినది ఈ రుద్రుడే. ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గుడిని చూడవచ్చు వారు శిల్పమును మెచ్చుకొని పోదురు గాని, దానిని కట్టించినవాడు ఒకప్పుడు యజమాని లేని రాజ్యమును తనది చేసికొనక కాపాడినవాడని తలచువారు తక్కువ. పరుల సొత్తు తన చేతికందినపుడు దానిని కాచి యిచ్చుట యన నేమో గణపతి తన యింటి సేనాని వద్దనే చూచెను.

ఇంతలో జైతుగి గణపతిని చెఱ విడిపించి, ఆతని రాజ్యమున కాతనిని పంపివేసెను. యాదవుల శాసనములు దీనిని తమ రాజు దయాగుణముగా చెప్పుకొనినవి. అనుమకొండలో అరాచకము కంటె తనకు కృతజ్ఞుడైన యువరాజు ఉండుట మేలని దేవగిరి ప్రభువు తలచియుండునని చరిత్రకారులందురు. రెండును నిజమే కావచ్చును. దయకును లాభమునకును ఎల్లప్పుడును విరోధమే యుండవలెనను నియమము లేదు. 1199 నాటికి గణపతి రాజై యున్నాడు. ఆ తరువాత అఱువది యేండ్లకు పైగా ఆతని పాలన సాగెను. యాదవులతో వైరము మరల పెరుగనీయక, ఆతడు తన దృష్టిని తూర్పునకు మరలించెను.

తూర్పున నున్నది కృష్ణాడెల్టా. దాని కొసను సముద్రము. వెలనాటి ప్రభువుల బలము అప్పటికి క్షీణించినది. గణపతిదేవుని సేనలు కృష్ణాతీరము వెంట దిగి, నదీముఖమున నీటి నడుమ నున్న దివిసీమను పట్టుకొనెను. అక్కడి అయ్య వంశపు నాయకులు లొంగిరి. ఇక్కడ గణపతి చేసిన పని ఆతని స్వభావమును తెలుపును. ఓడినవారిని నేలమట్టము చేయక, ఆ యింటి ఆడుబిడ్డలు నారమ్మను, పేరమ్మను వివాహమాడెను. వారి సోదరుడు జాయపను చేరదీసి పెంచి, గజసాహిణిని చేసెను. నృత్తరత్నావళిని రచించిన జాయపసేనాని యితడే. ఆతడు 1213లో చేబ్రోలున వేయించిన శాసనమీ కథ నంతయు చెప్పుచున్నది. దివి ద్వీపపు ఇంటినుండి వచ్చిన రాణులును, ద్వీపవాసి యగు బావమఱదియు ఓరుగంటి నగరున నుండగా, ఆటుపోటుల మాటలు, రేవుల మాటలు ఆ కొలువులో కొత్త కాలేదు.

కడలి వైపు చూచుటకు రాజునకు వేఱు కారణములును గలవు. సేనకు మేలుజాతి గుఱ్ఱములు కావలెను. అవి పారసీక, అరబ్బు దేశములనుండి ఓడలమీదనే వచ్చును. గుళ్లకు కర్పూరము, చందనము కావలెను. కంచరులకు రాగి, తుత్తునాగము కావలెను. ఇటునుండి పోవు సరకులలో తెలుగు సాలెల నూలువస్త్రములు ప్రసిద్ధములు. ఇవి యన్నియు ఓరుగంటి అంగళ్లకును సముద్రమునకును నడుమ ఎద్దుల బండ్లమీద తిరుగవలెను. రేవు లేని రాజ్యము వాకిలి లేని యిల్లు వంటిది.

ఇక రెండవ సంగతి. నౌకాయానమున మొదటి పాఠము గాలి యెటునుండి వీచుచున్నదో గుర్తించుట. నేడు హైదరాబాదు హుసేన్‌సాగరున చిన్న తెరచాప పడవలు నడుపుచు పందెములలో పాల్గొను బాలబాలికలు సైతము ఈ పాఠమునుండియే మొదలిడవలెను. కొయ్యకు కట్టిన పేలిక యెటు ఎగురుచున్నది? నీటిమీద సన్నని ముడుతలు ఎటునుండి వచ్చుచున్నవి? చెంపకు తగులు గాలి యే చెంపకు తగులుచున్నది? ఇవి చూడక తాడు చేతబట్టువాడు పడవను బోర్లించును. పడవలో మిగిలిన పనులన్నియు - తెరచాపను లాగుట, సడలించుట, చుక్కాని త్రిప్పుట, ఒరుగుచున్న పడవను నిలుపుటకు గాలి వచ్చు వైపునకు ఒడలు వాల్చి కూర్చుండుట - గాలి దిక్కును బట్టియే యుండును.

వెనుకనుండి వీచు గాలితో పోవుట అందఱకును తెలిసినదే. తెరచాపను అడ్డముగా విప్పినచో గాలి దానిని నెట్టును, పడవ పోవును. నీటిలో పడిన మఱ్ఱియాకు సైతము ఆ మాత్రము చేయగలదు. విద్య యంతయు ప్రక్కగాలితో మొదలగును. ప్రక్కనుండి గాలి వీచుచుండగా పడవ ముందునకు ఎట్లు పోవును? తడిసిన చింతగింజను రెండు వ్రేళ్లనడుమ ఉంచి గట్టిగా నొక్కి చూడుడు. వ్రేళ్లు ప్రక్కలనుండియే నొక్కును. గింజ మాత్రము ముందునకు దూకును. పడవకు గాలి ఒక వ్రేలు, నీరు రెండవ వ్రేలు. ఉబ్బిన తెరచాప వంపుమీదుగా గాలి జారిపోవుచు దానిని ప్రక్కకును, కొంత ముందునకును లాగును. నీటిలో మునిగియున్న పడవ యడుగు ప్రక్కకు జరుగనీయక అడ్డగించును. ప్రక్క త్రోవ మూసికొనిపోగా మిగిలినది ముందు త్రోవయే. చిన్న పడవలలో నీటిలోనికి దింపు నిలువు పలక యొకటి యుండుట ఈ అడ్డగింత కొరకే. ఆ పలక నెత్తివేసి ప్రక్కగాలిలో తెరచాప నెత్తినచో, పడవ పీతవలె ప్రక్కకు నడచును.

ఎదురుగాలి మాట వేఱు. గాలికి సూటిగా ఎదురు పోగల తెరచాప పడవ ప్రపంచమున లేదు. గాలి వచ్చు దిక్కునకు సమకోణములో సగముదాక, అనగా సుమారు 45 డిగ్రీల వఱకు మాత్రమే ముక్కు త్రిప్పి పోగలదు. అంతకంటె దగ్గఱకు త్రిప్పినచో తెరచాప రెపరెపలాడి బలము చాలించును. కావున ఎదురు దిక్కునకు పోవలసినవాడు కొంతదూరము కుడికి, కొంతదూరము ఎడమకు మరలుచు, గోమూత్రికవలె వంకర టింకరగా సాగవలెను. త్రోవ పొడవగును, ప్రొద్దు గడచును, అయినను చేరును. నేటి పందెపు పడవలకు ఇది బాలక్రీడ. లోతైన నిలువు పలక లేక, బరువెత్తి, విశాలమైన యడుగుతో నీటిమీద జారు పూర్వపు సరకుల ఓడలకు ఇది మిక్కిలి కష్టము. అవి ముందునకు ఎంత పోవునో, గాలివాలునకు అంతకు తక్కువ కాకుండ జరిగిపోవుచుండెడివి.

మన తీరమున ఓడలు కొత్తవి కావు. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణెములమీద రెండు కొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. అనగా రెండవ శతాబ్దము నాటికే ఓడ మన రాజులకు ముద్రపై వేసికొనదగిన వస్తువు. ఆ ఓడలను నడపినవారు గాలి నెదిరించుట కంటె గాలికొరకు వేచియుండుటయే తెలివియని యెఱిగినవారు. బంగాళాఖాతమున గాలికి ఏటికి రెండు నడకలు. జూను మొదలు సెప్టెంబరు వఱకు నైరృతినుండి వీచును. అది మన యొడ్డునుండి మలయా, సుమత్రా దిక్కునకు ఓడలను కొనిపోవును. కార్తికమాసము వచ్చుసరికి గాలి తిరిగి, ఈశాన్యమునుండి వీచును; అది ఓడలను మరల మన యొడ్డునకు తెచ్చును. పోవుట యొక ఋతువు, వచ్చుట యొక ఋతువు. నడుమ నెలల తరబడి పరదేశపు రేవులలో కాలక్షేపము. బేరగాండ్రు నూతన దేశములలో ఇండ్లు, గుళ్లు కట్టుకొనుటకు ఈ గాలి నియమమే మొదటి కారణము.

ఇందొక చిక్కు గలదు. ఓడలు మన తీరమునకు మరలివచ్చు గాలి తీరము వైపే వీచు గాలి. ఆ ఋతువు మొదటనే తుపానులు లేచును. నావికునకు నడిసముద్రమున తుపాను భయము కొంతయే. తెరచాపలు దించి, ఓడను గాలికి వదలి, అలలమీద తేలుచు కాలము గడుపవచ్చును. ఆతని గుండె చెదరునది గాలివాలున నేల కనబడినపుడు. అటు పోరాదు, పోకుండుటకు గాలికి ఎదురు నడువవలెను, బరువెక్కిన ఓడ ఆ పని చేయజాలదు. లంగరు వేసినచో ఇసుకనేలలో అది పట్టు తప్పి జారును. సరకులు నీట విసరి ఓడను తేలిక పఱచుట, కొయ్యను నఱికి పడవేయుట - ఇవి తుది ప్రయత్నములు. కోరమండల తీరమున ఓడలు తల దాచుకొను కొండచాటు రేవులు మిక్కిలి అరుదు. ఉన్నది పొడవైన ఇసుక యొడ్డు. పెద్ద ఓడలు దూరముగా లంగరు వేసికొని, చిన్న పడవలమీద సరకులు దించవలసిన తీరమది. దానికి తోడు, మబ్బు క్రమ్మిన రాత్రులలో ధ్రువనక్షత్రము కానరాదు. దానిని చూచి ఉత్తర దక్షిణములలో తానెక్కడ నున్నదియు గుర్తించు నావికుడు గ్రుడ్డివాడగును. ఒక రేవునకు బయలుదేరిన ఓడ తలంపని చోట ఒడ్డునకు కొట్టుకొనివచ్చుట యిట్లు జరుగును. అందు సరంగు తప్పిదము గాని, వర్తకుని తప్పిదము గాని లేకపోవచ్చును.

అట్లు ఒడ్డున పడిన ఓడ యెవరిది? ఆ కాలమున ఈ ప్రశ్నకు రాజుల సమాధానము ఒక్కటియే. నేల నాది, నేలమీద పడినది నాది. బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, మణులు - ఓడలో నేమి యున్నను పూర్వపు రాజులు బలవంతముగా తీసికొనుచుండిరని గణపతిదేవుని శాసనము దాచక చెప్పుచున్నది. సముద్రమున సగము చచ్చి యొడ్డు చేరిన వర్తకుని, ఒడ్డున మిగిలిన సగము చంపినట్లు.

గణపతిదేవుడు ఆ యాచారమును త్రోసిపుచ్చెను. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుచు, పెనుగాలి పాలై, విఱిగి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తు దాని యజమానులదే యని కట్టడి చేసెను. రాజు తీసికొనునది నియతమైన సుంకము మాత్రమే. దానికి క్లుప్తశుల్కమని పేరు. వచ్చు సరకుమీదను, పోవు సరకుమీదను ముప్పదింట నొక వంతు. ధనము ప్రాణముల కంటెను విలువైనదని తలచి, సముద్రయానము వంటి సాహసమునకు పూనుకొను వారిపై కనికరముతో, కీర్తికొఱకును ధర్మము కొఱకును ఈ అభయమిచ్చుచున్నట్లు రాజు చెప్పుకొనెను. ఆ పిమ్మట సరకుల పట్టిక. చందనము, దేశవాళి కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాజి, రాగి, తుత్తునాగము, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పట్టువస్త్రములు, పోకలు - ఒక్కొకదానికి ఇంత యని ముందుగానే రాతిలో చెక్కబడియున్నది. రేవు అధికారి ముఖము చూచి సుంకము మార్చుటకు వీలులేదు. ఓడ దిగిన వర్తకుడు స్తంభము చూచి లెక్క వేసికొనవచ్చును.

ఈ పట్టికను పిల్లలకు పాఠముగా చెప్పు ఉపాధ్యాయులు ఒక్కొక సరకు ఏ గాలిమీద వచ్చెనో అడిగి చూడవచ్చును. చీనా కర్పూరము ఈశాన్యపు గాలిమీద వచ్చినది. పశ్చిమదేశపు పగడము మొదట అరబ్బు సముద్రపు నైరృతి గాలిని పట్టుకొని పడమటి తీరమునకు చేరవలెను. ఒక్క రాతిస్తంభమున రెండు సముద్రముల ఋతువులు చేరినవి.

ఇతర దేశములలో ఆ కాలపు ఆచారమెట్లుండెనో చూచిన, ఈ కట్టడి విలువ మఱింత తెలియును. ఇంగ్లండున 1275లో చేసిన వెస్ట్‌మినిస్టరు చట్టము ప్రకారము, విఱిగిన ఓడనుండి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో ఆ సొత్తు దిక్కులేని సొత్తు కాదు; ఏడాది మీద నొక దినము వఱకు యజమానుని కొఱకు దాచియుంచవలెను. అదియు న్యాయము వైపు వేసిన అడుగే. కాని పిల్లి చచ్చిపోయిన నాటి వర్తకుని గతి యేమి? మోటుపల్లి స్తంభము పిల్లిని అడుగలేదు. సుంకము కట్టినచో చాలునన్నది.

ఇందు రాజునకు లాభము లేకపోలేదు. దోపిడి భయమున్న రేవునకు ఓడ రాదు; రాని ఓడ సుంకము కట్టదు. ఒక్క ఓడను దోచుకొనిన రాజు నూఱు ఓడల సుంకమును పోగొట్టుకొనును. పాకాల చెరువు వంటివి త్రవ్వించిన మంత్రుల నడుమ నున్న రాజునకు ఈ లెక్క తెలియకపోదు. చెరువు నిండుటకు వాగుకు అడ్డు తొలగింపవలెను గదా. అయినను ఆతని శాసనమున లాభముకంటె జాలి ముందు నిలిచినది. అది యలంకారము కొఱకే వ్రాసినదని తీసివేయుట సరికాదు. పరుల గడ్డమీద, పరుల చేతిలో, సర్వమును కోల్పోయి నిలుచుట యేమో ఆతడు యౌవనారంభముననే యనుభవించినవాడు. పట్టుకొనినవాని ధర్మమును బట్టియే ఆతనికి ప్రాణమును, రాజ్యమును తిరిగి లభించినవి. దేవగిరినుండి ఆతడు వెనుకకు వచ్చిన త్రోవయు, మోటుపల్లి ఇసుకనుండి వర్తకుడు తన మూటలతో లేచిపోవు త్రోవయు ఒక్కటియే.

ఆతని మిగిలిన పాలన విస్తారము. ఓరుగంటికి రాతికోట పూర్తి చేసినదాతడే. దక్షిణమున నెల్లూరి మనుమసిద్ధి రాజ్యము కోల్పోగా, తిక్కన సోమయాజి గణపతిదేవుని సభకు వచ్చి సాయము కోరినట్లు సిద్ధేశ్వర చరిత్ర చెప్పును. ఓరుగంటి సేనలు మనుమసిద్ధిని మరల గద్దె నెక్కించినవి. పోయిన రాజ్యమును యజమానికి ఇప్పించుట ఇక్కడను కనబడును. 1249లో ఆతని శాసనము కంచి ఏకామ్రనాథుని ఆలయమున వెలసినది. అంత దూరము సాగిన విజయములు కలకాలము నిలువలేదు. పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడు ఉత్తరమునకు దండెత్తి, 1263 ప్రాంతమున నెల్లూరి చెంత ముత్తుకూరు యుద్ధమున కాకతీయులను ఓడించెను. వృద్ధుడైన రాజునకు అది పెద్ద దెబ్బ. మగసంతానము లేనందున అప్పటికే కుమార్తె రుద్రమదేవిని పాలనలో చేర్చుకొనియుండెను. రాజ్యభారము ఆమె భుజములపైకి చేరెను. ఆడుబిడ్డకు పట్టము కట్టుటకు ఒప్పుకొనని సామంతులను ఆమె అణచవలసివచ్చెను. అది వేఱు కథ.

తండ్రి వేసిన కట్టడిని రుద్రమ తప్పినట్లు కానరాదు. ఇటలీ దేశపు యాత్రికుడు మార్కో పోలో ఆ శతాబ్దము చివర ఈ తీరమును గూర్చి వ్రాయుచు, మోటుపల్లిని ముత్‌ఫిలి యని పేర్కొని, అచ్చటి వజ్రములను, సాలెపురుగు గూడువలె సన్నని వస్త్రములను, న్యాయముగా పాలించిన రాణిని పొగడెను. ఆ రాణి భర్త చనిపోయిన రాజని ఆతడు వ్రాసినది పొరపాటు. గణపతిదేవుడు ఆమెకు తండ్రి. ఓడలమీద తిరుగు వార్తలలో ఇట్టి పొరపాట్లు దొరలుచునే యుండును. రాణి న్యాయము మాత్రము సరిగనే చేరినది. రుద్రమ 1289లో మరణించినట్లు చందుపట్ల శాసనము తెలుపును.

1323లో ఓరుగల్లు పడిపోయెను. కాకతీయ రాజ్యము లేకపోయెను. తీరము కొంతకాలము దిక్కు లేనిదయ్యెను. పిదప కొండవీటి రెడ్డిరాజులు నిలద్రొక్కుకొనిరి. వారిలో అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మఱియొక ధర్మశాసనము వేయించి, వచ్చు వర్తకులను ఆదరింతుమనియు, వారి సరకులను బలవంతముగా తీసికొనమనియు, పోదలచినపుడు పోనిత్తుమనియు మాట యిచ్చెను. పాత స్తంభము అక్కడనే యున్నను కొత్త రాజు కొత్తగా చెప్పవలసివచ్చినది. గణపతిదేవుని శాసనము రెండు భాషలలో నున్నది. ఇది సంస్కృతమున, తెలుగున, తమిళమున మూడు భాషలలో చెక్కబడినది. దక్షిణపు గాలిమీద ఆ రేవునకు వచ్చువారిలో తమిళము చదువుకొను బేరగాండ్రు అప్పటికి అంతమంది యుండియుందురు.